మన కోతపండుగ అక్టోబరులో ఎందుకంటే

వేళకు వానను, ఆ వానకు తగ్గ పంటను, ఆ పంటకు తగ్గ ఆకలిని ఇచ్చే మన దేవునికి స్తోత్రం. తప్పు చేసినవాణ్ణి తప్పు చేసిన చోటే నిలబెట్టి, మళ్లీ ఆ చోటే అన్నం పెట్టించిన ఆయన కృపకు స్తోత్రం. ఈ నాలుగు మాటలూ ఆయన మహిమ కోసం రాస్తున్నాను. నా తెలివి చూపించుకోవడానికి రాస్తున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు. చదివాక మీకే తెలుస్తుంది, ఇందులో నా తెలివి ఎక్కడా కనిపించదు.

సంఘంలోని యౌవనస్తుల్లారా, మీలో చాలామంది ఈ దేశంలోనే పుట్టారు. నేను తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబు చెప్తారు. పర్వాలేదు. చదవడం కష్టమైతే అమ్మతోనో నాన్నతోనో చదివించుకోండి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి రెండేళ్లయింది. మీకందరికీ నేను రైస్ కంపెనీలో పనిచేసిన అంకుల్‌ని. ఆ రైస్ కంపెనీ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నాది గుంటూరు జిల్లా. అక్కడ ఉప్పుడు బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లు బాయిలర్ నడిపాను. నా భార్య నర్సు. ఆమె ఉద్యోగం మీద మేం సిడ్నీ వచ్చేసరికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో కొత్త దేశంలో నన్నెవరు పనిలో పెట్టుకుంటారు? ఎనిమిది నెలలు పెండిల్ హిల్‌లో ఒక ఇండియన్ కొట్టు వెనక బియ్యం బస్తాలు దించాను. ఆ మధ్యలోనే ఇక్కడి బాయిలర్ లైసెన్సు పరీక్ష రాసి ప్యాసయ్యాను. తర్వాత ఒకరోజు ఫోను వచ్చింది. ఊరికి పడమటి అంచున, కొండలు మొదలయ్యే చోట ఉన్న కంపెనీ. బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించేవాడు కావాలట. ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఇంటర్వ్యూకి వెళ్లాక గాని తెలియలేదు, అది సాకే చేసే చోటని. సాకే అంటే జపాన్‌వాళ్లు బియ్యంతో చేసే మద్యం. ఆ దేశంలో తరతరాలుగా అదే పని చేస్తున్న ఒక కుటుంబం ఇక్కడ కొమ్మ నాటింది. వాకిట్లో దేవదారు ఆకులతో కట్టిన పెద్ద బంతి వేలాడుతూ ఉంటుంది. కొత్త సరుకు వచ్చినప్పుడు పచ్చని బంతి కడతారు. సరుకు ముదిరేకొద్దీ అది గోధుమ రంగుకు తిరుగుతుంది. దాన్ని చూస్తూ వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. మా నాన్న సంఘపెద్ద. మా ఇంట్లో దగ్గుమందు సీసా మీద కూడా అందులో ఏముందో చదివి గాని మూత తీసేవాళ్లు కాదు.

ఇంటికొచ్చి చెప్తే నా భార్య అడిగింది, "తాగమన్నారా?" లేదన్నాను. "అమ్మమన్నారా?" లేదన్నాను. "మరి బియ్యమే కదా, ఉడికించి రండి" అంది. అలా చేరాను. ఆదివారం కూడికలో ఉద్యోగం దొరికినందుకు సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, "ఒక రైస్ కంపెనీలో" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. నేను అబద్ధం చెప్పలేదు. నిజంలో సగం నా దగ్గరే ఉంచుకున్నాను, అంతే. ఆ సగమే తర్వాత నన్ను పట్టుకుంది.

పని గురించి మీకు కొంచెం తెలియాలి. బియ్యాన్ని బాగా పాలిష్ పట్టి, కడిగి, నానబెట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. ఆ ఆవిరి నాది. ఉడికిన బియ్యంలో కొంత భాగాన్ని గుడ్డల్లో మోసుకుని ఒక వెచ్చని గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ దాని మీద పచ్చటి పొడిలాంటి బూజు విత్తనం చల్లి, రెండు రోజులు పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటారు. గింజ గింజకూ తెల్లని నూగు పడుతుంది. దాన్ని కోజి అంటారు. కోజి బాగుంటే సాకే బాగుంటుంది, కోజి పోతే ఇక చేయడానికి ఏమీ ఉండదు. బియ్యం మోసేటప్పుడు మనిషి చాలకపోతే నేనూ ఒక చెయ్యి వేసేవాణ్ణి.

ఆ గది చూసుకునేది ఒక జపాన్ ఆవిడ. నలభైకి దగ్గరలో ఉంటుంది, మాట తక్కువ. ఆమె వీసా ఆ ఉద్యోగం మీదే ఉంది. మా అందరి పైన పెద్ద బ్రూవరు, అంటే సాకే తయారీకి పెద్ద. డెబ్బైకి దగ్గరపడిన జపాన్ మనిషి, సీజన్, అంటే సాకే చేసే ఇక్కడి చలినెలలు, మొదలైతే మీసం కూడా కదపడు. కరెంటు పని చూసే హైదరాబాదు ముస్లిం సోదరుడు ఒకడు వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నన్ను చూసినప్పుడల్లా, "అన్నా, నువ్వు తాగవు, నేను తాగను. గీ సారా బట్టీకి మనిద్దరమే దిక్కు" అని నవ్వేవాడు. అతని నోట విని ఆ జపాన్ ఆవిడ కూడా నన్ను అన్నా అనడం మొదలుపెట్టింది. అది నా పేరే అనుకుందట మొదట్లో.

చేరిన రోజే పెద్ద బ్రూవరు నియమాలు చెప్పాడు. సీజన్‌లో పెరుగన్నం తెచ్చుకోకూడదు. అది నాకు కష్టమైంది గాని ఒప్పుకున్నాను. రెండోది, నట్టో ముట్టకూడదు, ఇంట్లో కూడా. నట్టో అంటే వాళ్లు పులియబెట్టుకునే సోయా గింజలు, జిగురుగా తీగలు సాగుతూ ఉంటాయి. అందులోని క్రిమి కోజి గదిలోకి వచ్చిందంటే కోజి మొత్తం నాశనం. ఆ వంటకం పేరే అప్పటివరకు వినని నాకు ఆ నియమం పాటించడం చాలా తేలిక అనుకున్నాను. మూడోది, బయట బట్టలు ఆవరణ చివరి గదిలో విప్పి, తెల్లకోటు వేసుకుని లోపలికి రావాలి. నేను బాయిలర్ దగ్గర చెమటలో, బయట చలిలో, రోజుకు పదిసార్లు తిరిగేవాణ్ణి. అందుకని నా స్వెట్టర్ చివరి గదిలో కాకుండా తెల్లకోట్ల పక్క కొక్కేనికే తగిలించేవాణ్ణి. ఐదు నిమిషాల పనికి అంత దూరం ఎవరు పోతారు అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఇలా మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు మన సంఘంలో కోతపండుగ దగ్గరపడింది. అప్పట్లో దాన్ని మే నెలలో చేసేవాళ్లం, ఈ దేశంలో వరి కోసేది అప్పుడే కాబట్టి. పెరట్లో కాసిన గుమ్మడికాయలూ గోంగూర కట్టలూ తెచ్చేవాళ్లం గాని, వేదిక దగ్గర నిలబెట్టే వరి పనలు మాత్రం క్రాఫ్ట్ షాపులో కొన్న ప్లాస్టిక్‌వి. ఆ ఏడు స్త్రీల సమాజం ఆంటీ ఒకావిడ అందరి ముందూ నన్ను నిలదీసింది. "బ్రదర్, మీరు రైస్ కంపెనీలో ఉండి, దేవుని మందిరంలో ప్లాస్టిక్ వరి పెట్టిస్తారా?" తెస్తానన్నాను.

మా కంపెనీకి బియ్యం ఇచ్చే రైతుకు ఫోను చేశాను. ఆరు గంటల దూరం. అతను తెగ నవ్వాడు. వాళ్లు మిషన్లతో కోస్తారు, పన అనేదాన్ని అతను పుట్టి చూడలేదు. అయినా నా కోసం మడి మూల ఒక పట్టె వదిలేశాడు. శనివారం తెల్లవారకముందే నేనూ నా భార్యా బయల్దేరాం. తీరా వెళ్తే కొడవలి లేదు. రైతు వంటింట్లోకి వెళ్లి రొట్టె కోసే పళ్ల కత్తి తెచ్చి, "ఇది నడుస్తుందా మేట్" అన్నాడు. బ్రహ్మాండంగా నడిచింది. నాలుగు పనలు కోసి, గడ్డితోనే వెంటి పేని కట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టాను. ఇంటికొచ్చేదాకా కారంతా కొత్త గడ్డి వాసన. నా భార్య ఒక చోట కళ్లు తుడుచుకుంది, ఎందుకని నేను అడగలేదు.

ఆదివారం ఆ పనలు పట్టుకుని మందిరంలో నడుస్తుంటే ముసలివాళ్లు వచ్చి తాకి చూశారు. ఒక పెద్దాయన గింజ నోట్లో వేసుకుని కొరికాడు. నా గుండె నిండిపోయింది. ఒంటి మీద ఉన్నది అదే స్వెట్టర్. పొలంలోనూ అదే, పండుగలోనూ అదే. ఆ రాత్రి నా భార్య ఉతకడానికి తీసుకోబోతే ఇవ్వలేదు. దానికి గడ్డి వాసన పట్టింది, రెండు రోజులు ఉండనీ అన్నాను. సోమవారం అదే వేసుకుని పనికి వెళ్లి, అదే కొక్కేనికి తగిలించాను.

బుధవారం పొద్దున కోజి గదిలోంచి ఆవిడ బయటికొచ్చిన తీరు నాకింకా గుర్తుంది. చేతిలో గుప్పెడు గింజలు. తెల్లగా పొడిగా ఉండాల్సినవి తడిగా, జిగటగా ఉన్నాయి, ముక్కు పగిలే వాసన. పెద్ద బ్రూవరు వాసన చూశాడు. మొత్తం పారేయించాడు, గది కడిగించాడు. మళ్లీ బియ్యం ఉడికించాను, మళ్లీ మోశాం. శుక్రవారానికి అది కూడా అలాగే అయింది.

అంతకు ముందు వారం ఆమెకు జపాన్ నుంచి తల్లి పంపిన పార్సెల్ వచ్చింది. మా భోజనాల గదిలోనే విప్పి మిఠాయిలు పంచింది. అందులో ఒక పొట్లం చూసి టక్కున మూసి సంచిలో పెట్టేసుకుంది. ఎండబెట్టిన నట్టో అది. ఆమె ఊరు నట్టోకు పేరుపడ్డది. తల్లికి కూతురు ఎక్కడ పనిచేస్తుందో తెలుసు, నియమం తెలియదు. పొట్లం విప్పలేదని, సీజన్ అయ్యాక తిందామని ఇంట్లో పైన దాచానని ఆమె చెప్పింది. కంపెనీ మేనేజరు నమ్మలేదు. రెండుసార్లు పోయిన సరుకుకు అతనికి ఒక కారణం కావాలి. సోమవారం నుంచి రావద్దన్నాడు. వీసా మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తకపోయినా అందరికీ తెలుసు. ఆమె తలొంచుకుని తన తెల్లకోటు మడత పెట్టుకుంది.

ఆ శుక్రవారం టీ వేళ నేను పెద్ద బ్రూవరు పక్కన కూర్చున్నాను. ఓదార్చాలని కాదు, ఊరికే కూర్చున్నాను. మాట కోసం అడిగాను, అసలు ఈ నట్టో ఎలా చేస్తారని. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఉడికిన సోయా గింజల్ని ఒక పొట్లంలో కట్టి వెచ్చగా ఉంచుతారట. మరి ఆ క్రిమిని ఎక్కడ కొంటారు అన్నాను. కొనక్కర్లేదు, పొట్లంలోనే ఉంటుంది అన్నాడు. పొట్లం దేనితో చేస్తారు అన్నాను.

"వరిగడ్డి" అన్నాడు. "గడ్డిలోనే పుడుతుంది. నీ బాయిలర్ ఆవిరికి కూడా చావదు."

ఈ దేశంలో వరిగడ్డి ముట్టుకునే బాయిలర్ మనిషి ఉంటాడని ఆయన ఎందుకనుకుంటాడు? అందుకే గడ్డి ముట్టకూడదన్న నియమం నాకు చెప్పలేదు. బట్టల నియమం మాత్రం చెప్పాడు. దాన్ని నేను పాటించలేదు. కొక్కెం వైపు చూశాను. నా స్వెట్టర్ అక్కడే వేలాడుతోంది, పక్కన ఆమె తెల్లకోటు కొక్కెం ఖాళీగా ఉంది.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. స్వెట్టర్ తీసుకుని ఇంటికొచ్చేశాను. పులిసిన పిండి కొంచెమైనా ముద్దనంతా ఎలా పాడుచేస్తుందో యౌవనస్తుల కూడికలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ సాయంత్రం ఆ మాట నా వైపే తిరిగింది. నాకున్న భయం ఉద్యోగం పోతుందని ఒక్కటే అయితే బాగుండేది. చెప్తే గడ్డి ఎక్కడిదని అడుగుతారు, చర్చిదంటాను. ఆ తర్వాత ఏదో ఒక రోజు చర్చిలో తెలుస్తుంది, వేదిక దగ్గర నిలబెట్టిన పనలు సారా కంపెనీ రైతు మడిలోవని.

నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, అన్నం పెడుతూ మొత్తం విన్నది. నేననుకున్నాను, ప్రార్థన చేద్దాం అంటుందని.

"మా వార్డులో చేతులు కడుక్కోకుండా పేషెంట్‌ని ముట్టుకుంటే, ఎవరిది తప్పో వాళ్లే రిపోర్టు రాయాలి" అంది. "పక్కమనిషి పేరు మీద రాయించరు. మీరు పొద్దున్నే వెళ్లండి. ఆ స్వెట్టర్ ఇలా ఇవ్వండి."

మూడు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఒక్కొక్కదానికీ ముడి వేసింది. నర్సు కదా.

శనివారం పొద్దున గేటు బయటే నిలబడ్డాను, లోపలికి అడుగు పెట్టలేదు. పెద్ద బ్రూవరుకు ఫోను చేశాను. వచ్చి గేటు అవతల ఆగాడు. చేతిలో కవరు ఎత్తి చూపించి అంతా చెప్పాను, పొలం, పనలు, పండుగ, కొక్కెం. ఆయన కోప్పడితే బాగుండునని చూశాను. ఆయన ప్రశ్నలు వేశాడు. ఏ రోజు కోశావు? తల దువ్వుకున్న దువ్వెన అదేనా? కారులో గడ్డి ఇంకా ఉందా? సోమవారం గదిలోకి ఎన్నిసార్లు వచ్చావు? బుధవారం తర్వాత మళ్లీ అక్కడే తగిలించావా? అన్నిటికీ జవాబు చెప్పాను. చివరికి ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. నేను అప్పటిదాకా చూడనిది అప్పుడు చూశాను. ఆ మనిషి ముఖంలో నిశ్చింత. కారణం దొరికింది ఆయనకు. కారణం తెలియని చెడు కంటే భయంకరమైనది వాళ్ల పనిలో లేదట. తర్వాత చెప్పాడు.

ఆమెను పిలిపించాడు. ఆ శనివారం సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చి ఉంది. ఆయన నడుం వంచి ఆమెకు నమస్కారం చేశాడు, చాలాసేపు లేవలేదు. తన కంటే ముప్పై ఏళ్లు చిన్నదానికి. గేటు ఇవతల నేనూ చేతులు జోడించాను. క్షమించమని ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో పూర్తి చేశాను. ఆమె నన్ను, నా చేతిలో కవరును చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"అన్నా, మీ దేవుడికి గడ్డి అంటే అంత ఇష్టమా?" అంది.

పెద్ద బ్రూవరే ముందు నవ్వాడు. సీజన్‌లో ఆయన నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

ఆయనే వెళ్లి మేనేజరుతో మాట్లాడాడు. ఆమె సోమవారం పనిలోకి వచ్చింది. నన్ను పంపేయమని మేనేజరు అన్నాడట. తన తప్పు తనే మోసుకొచ్చి గేటు దగ్గర పెట్టినవాణ్ణి పంపేస్తే, మిగిలినవాళ్లు వచ్చేసారి దాచుకుంటారని పెద్ద బ్రూవరు అన్నాడట. వారం రోజులు నన్ను గదుల దగ్గరికి రానివ్వలేదు. కారు లోపలంతా వాక్యూమ్ పెట్టించాను, జుట్టు కత్తిరించుకున్నాను. గది గోడల దగ్గర్నుంచి కొక్కేల దాకా అన్నీ విప్పి తోమారు. గుడ్డలు, కోట్లు కొత్తవి తెచ్చారు. ఆ తర్వాత మొదటి కోజి దిగిన రోజు ఆమె ఒక గుప్పెడు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను సాకే రుచి ఎరగను, ఇప్పటికీ ఎరగను. కోజి మాత్రం అప్పుడే వేయించిన పేలాల్లా వాసన వేసింది. బాయిలర్ వెనక్కి వెళ్లి మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పుకున్నాను.

మధ్యలో ఒక ఆదివారం ఉంది. దాన్ని దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు. గేటు దగ్గర చెప్పాక మందిరంలో చెప్పడం తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారిని పక్కకు పిలిచి, రైస్ కంపెనీ అంటే ఏమిటో చెప్పాను. ఆయన కుర్చీలు సర్దుతూ విన్నారు.

"మీరు తాగుతారా?" అన్నారు.

"లేదయ్యగారూ."

"అబద్ధం చెప్తారా?"

నేను వంగి పక్కనున్న కుర్చీ ఒకటి సర్దాను.

"అయితే ఆ రెండోదానికే ప్రార్థన చేద్దాం. మొదటిదానితో పని లేదు" అన్నారు. ఇద్దరం ఆ కుర్చీల మధ్యే నిలబడి చేశాం. అయ్యాక ఆయన అడిగారు, మీ పని ఏ నెలతో అయిపోతుందని. సెప్టెంబరు ఆఖరుకన్నాను. "మరి పండుగ అక్టోబరులో పెట్టుకుందాం. పనలు అప్పటిదాకా ఆ రైతు కొట్టంలో ఉంటాయి కదా. ప్లాస్టిక్ వరి నాకూ ఇష్టం లేదు." సంఘంతో ఎప్పుడు చెప్తావని నన్ను అడిగారు. నీ సాక్ష్యం నేను చెప్పను, నువ్వే చెప్పాలి అన్నారు. మొదటిసారి నన్ను నువ్వు అన్నారు.

ఆ ఏటి నుంచి మన కోతపండుగ అక్టోబరుకు మారింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మన ఊళ్లలో కోతలు అటూఇటూగా అప్పుడే కదా, మన పద్ధతి మరిచిపోకూడదని మార్చారులే అనుకున్నారు. కొత్తగా వచ్చిన కుటుంబాలకు పెద్దలు అలాగే చెప్తారు. నేను పక్కనే నిలబడి విన్నాను, ఏడేళ్లు. తల కూడా ఊపాను. మళ్లీ అదే సగం నిజం. అది ఈ రోజుతో సరి. మన కోతపండుగ మన ఊరి పద్ధతి కోసం మారలేదు. ఒక సాకే కంపెనీలో కోజి పాడవకూడదని మారింది. ఆ వేదిక దగ్గర మీరు ఏటా ఫోటో దిగే పనలు ఆ కంపెనీకి బియ్యం ఇచ్చే రైతువి. పాస్టర్ అయ్యగారు ఇప్పుడు మెల్‌బోర్న్‌లో కూతురు దగ్గర ఉన్నారు. ఇది చదివి, ఇన్నాళ్లకా అంటారు.

పెద్ద బ్రూవరు తన దేశం వెళ్లిపోయాడు. ఆ చోట ఇప్పుడు పెద్ద ఆమే. ఈ దేశంలోనే స్థిరపడింది. ఏటా సెప్టెంబరు చివర్లో నా ఫోనుకు ఆమె దగ్గర్నుంచి ఒక మెసేజ్ వస్తుంది. "ఆఖరి తొట్టి అయిపోయింది అన్నా. ఇక మీ గడ్డి తెచ్చుకోండి." అది చూశాకే నేను రైతుకు ఫోను చేస్తాను. మన పండుగ తేదీ ఎవరు నిర్ణయిస్తారని ఇక నుంచి ఎవరైనా అడిగితే, ఆ మెసేజ్ చూపిస్తాను.

నిన్న మధ్యాహ్నం ఆ మెసేజ్ వచ్చింది. అందుకే ఈ రోజు రాయడానికి కూర్చున్నాను.

ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చుని చదువుతున్నారో అక్కడే ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి అడగండి. తండ్రీ, మేం చెప్పకుండా ఉంచుకున్న సగాన్ని చెప్పే ధైర్యం మాకివ్వు. మా తప్పును పక్కమనిషి మోస్తుంటే మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వకు. దూరదేశంలో ఉన్న ఆ ముసలాయన్ని, ఆ వెచ్చని గదిని కాపలా కాస్తున్న మా చెల్లెల్ని, నీళ్లు చాలని ఈ నేలలో వరి పండిస్తున్న ఆ రైతును చల్లగా చూడు. మేం తెచ్చే పనలను అంగీకరించు.

ఆమేన్ నేను రాయడం లేదు. అది మీరు చెప్పాలి.